ఏరడమా? వేరు చేయడమా?

చీరల ప్రకటనల్లో ‘డిస్క్రిమినేటింగ్’ స్త్రీల కోసం అని ఇంగ్లీషులో రాస్తూంటారు. ఆ విశేషణం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. అభిరుచి గలవారు, నాణ్యం తెలిసినవారు అని మనకి పొగడ్త అన్నమాట. అదే మాట చివర కాస్త మార్చి ‘డిస్క్రిమినేటరీ’ అన్నారనుకోండి, తిట్టు! కోర్టుకెక్కే వ్యవహారం.

నిజానికి ఈ మాట పుట్టిల్లు వంటింటికి దగ్గరే. లాటిన్‌లో దీని మూలధాతువుకి జల్లెడ పట్టడం అని అర్థం. మా సికింద్రాబాద్ మోండా మార్కెట్లో వంకాయల గుట్ట ముందు వంగి, పుచ్చులు పక్కకి నెట్టి, లేతవి ఏరుకునే ఇల్లాలి కన్నా డిస్క్రిమినేటింగ్ మనిషి ఎవరుంటారు చెప్పండి? (అమ్మేవాడు విసుక్కుంటాడు, అది వేరే సంగతి.)

ఈ విషయంలో మన తెలుగే తెలివైనది. మంచి పనికి విచక్షణ, చెడ్డ పనికి వివక్ష అని రెండు మాటలు పెట్టుకుంది. విచక్షణకి చూపుతో చుట్టరికం. చక్షువు అన్నదీ ఆ ధాతువు నుంచే. వివక్ష మాత్రం వాక్కు వైపు బంధువు. సంస్కృతంలో ‘చెప్పాలన్న కోరిక’ అని దాని అర్థం. తెలుగులోకి వచ్చి పక్షపాతమైంది. ఇప్పుడు కొందరు ‘ఏ విచక్షణా లేకుండా అందరికీ సాయం చేయాలి’ అని రాసేస్తున్నారు. ఉద్దేశం మంచిదే గానీ, ఆ వాక్యం చెబుతున్నది మంచీ చెడూ చూడకుండా చేయమని!

అమ్మమ్మల మాట ఇంకా సూటిగా ఉండేది: పంక్తిభేదం. ఒకే వరసలో కూర్చున్న పిల్లల్లో కొడుక్కి గరిటెడు నెయ్యి, కూతురికి రెండు చుక్కలు. నెయ్యి సరే, ఆస్తి మాటేమిటి? 1986లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకి వర్తించదన్నారు. ఆగస్టులో అత్తవారింటికి వెళ్లిన అక్కకి లేదు, మరుసటేడు వెళ్లిన చెల్లెలికి ఉంది! రాసినవాళ్లు అది విచక్షణే అనుకుని ఉంటారు. అక్కనడిగితే రెండో మాటే చెబుతుంది. ఆ తేడా పోవడానికి 2005లో కేంద్ర చట్టం మారాల్సొచ్చింది. అప్పుడు కూడా, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైపోయిన పంపకాల జోలికి మాత్రం వెళ్లలేదు.