దేవాలయమైన దేహం ఎవరిది?

ఇనుప బరువులెత్తి కండలు పెంచడం కూడా ప్రార్థనేనని నమ్మే క్రైస్తవ యువకులు ఈనాడు కనిపిస్తున్నారు. దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథీయులకు రాసిన మాట వారికి ఆధారం. శరీర సాధన వల్ల కలిగే మేలు కొద్దిపాటిదేనని తిమోతికి రాసిన పత్రికలోని మాట వారిని కాదనే పెద్దలకు ఆధారం. అభ్యుదయవాదులమైన మనం ఈ తగవును మతం ఖాతాలో వేసి ఊరుకుంటున్నాం. అలా ఊరుకోవడం పొరపాటు.

ఈ భావానికి ఒక సాహిత్య చరిత్ర ఉంది. ఇంగ్లండులో చార్లెస్ కింగ్‌స్లీ, థామస్ హ్యూస్‌ల నవలల మూలంగా దీనికి 'కండబలపు క్రైస్తవం' అని పేరొచ్చింది. ఇద్దరూ క్రైస్తవ సోషలిస్టులే. 1854లో లండనులో కార్మికుల కోసం వెలసిన కళాశాలలో హ్యూస్ ముష్టియుద్ధం నేర్పాడు. కాని ఆయన నవల 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' కలవారి పిల్లల బడి కథ. అది 1857లో, ఇక్కడ సిపాయిలు తిరగబడిన ఏడాదే, వెలువడింది. అందులో టామ్ స్నేహితుడు ఈస్ట్ బడి విడిచాక పటాలంలో చేరడానికి ఇండియాకే బయలుదేరతాడు. కార్మికుడి పిడికిలికి నేర్పిన విద్య సామ్రాజ్యానికి అక్కరకొచ్చింది. ఈ భావంలోని వైరుధ్యం అదే.

మన వైపు ఆ ధోరణి వై.ఎం.సి.ఎ. ద్వారా వచ్చింది. 1920లో మద్రాసులో హెచ్.సి. బక్ నెలకొల్పిన కళాశాల వ్యాయామోపాధ్యాయులను తయారుచేసింది. ఆ మేలును కాదనలేం. అయితే ఆ విద్య బడి ఆవరణ దాకా వచ్చింది గాని పొలం గట్టు దాకా రాలేదు. మా ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డను పరిచి లాగే స్త్రీ గంటల తరబడి మంట ముందే కూర్చుంటుంది. ఆమె మణికట్టు సత్తువను ఎవరూ సాధన అనరు. కొబ్బరి దింపు కార్మికుడి తొడబలాన్ని ఎవరూ ఆరాధన అనరు. కూలి కోసం ఎత్తిన బరువుకు లేని పవిత్రత, తీరిక వేళ ఎత్తిన బరువుకు ఎలా వచ్చింది?

అలాగని ఆ యువకులను ఎగతాళి చేయలేం. జాషువా 'గబ్బిలం' (1941)లో ఆకలిగొన్న పంచముడు శివుడికి గబ్బిలం చేత కబురంపుతాడు. గబ్బిలానికి దొరికే గుడి ప్రవేశం ఆ మనిషికి లేదు. గుడి గడప తొక్కనివ్వని దేహాన్నే గుడి అనడం తెలుగు నేల మీద మామూలు మాట కాదు. అంటరానిదన్న ఒంటిని అపురూపంగా పెంచుకోవడంలో ఆత్మగౌరవ ప్రకటన ఉంది. దాన్ని మత్తుమందుగా కొట్టిపారేస్తే మనకు కులం అర్థం కానట్టే.

కాని ఆ ప్రకటన అద్దం ముందు ఆగిపోకూడదు. బలమనగానే అందరికీ సమ్సోను గుర్తొస్తాడు. ఆ బలశాలి చెరసాలలో తిరగలి విసిరి, చివరికి శత్రువులతో పాటు తానూ కూలాడు. నాకు మాత్రం కురేనీయుడైన సీమోను గుర్తొస్తాడు. పల్లెటూరి నుంచి వస్తున్న అతణ్ణి సైనికులు వెట్టికి పట్టి సిలువ మోయించారు. సువార్తలో కండబలం నిజంగా అక్కరకొచ్చిన ఘట్టం అది. ఆ కండ వెట్టివాడిది. పెంచిన బలం ఎవరి బరువును పంచుకుంటుందన్నదే ఆ భక్తికి గీటురాయి. మన సాహిత్యానికీ అదే గీటురాయి.