సెన్సారు నీడలో సిపాయి లేఖ

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో (1914–18) ఫ్రాన్స్ రణరంగం నుండి భారతీయ సైనికులు ఇంటికి పంపిన ఉత్తరాలను ఆంతరంగిక రచనలుగా పరిగణించడం పరిపాటి. ఆ ఆంతరంగికత ఎంతటిదన్నది విచారణీయం. చదువురాని సిపాయి చెబితే మరొకరు రాసిపెట్టేవారు. సెన్సారు అధికారులు పరిశీలించేవారు. ఊరిలో ఇంకొకరు చదివి వినిపించేవారు. భార్యకు చెప్పదలచిన మాట ఇందరిని దాటి వెళ్ళవలసివచ్చింది.

ఈ నిర్బంధమే ధ్వనికి మార్గమైంది. కొన్ని లేఖలలో భారతీయ సైనికులు నల్ల మిరియాలుగా, ఆంగ్ల సైనికులు ఎర్ర మిరపగా సంకేతితులయ్యారు. వాచ్యార్థం వంటింటి సరుకు. వ్యంగ్యార్థం యుద్ధంలో ప్రాణనష్టం. సెన్సారు ఆ మర్మాన్ని గ్రహించింది కనుకనే అది నేటికీ తెలుస్తోంది.

మూలప్రతులలో అత్యధికం నేడు లభించవు. సెన్సారు నివేదికల కోసం ఆంగ్లీకరించిన భాగాలే బ్రిటిష్ లైబ్రరీలో మిగిలాయి. డేవిడ్ ఒమిస్సీ 1999లో వెలువరించిన సంకలనానికి ప్రధానాధారం అవే. కనుక వాటిలో వినిపించేది సిపాయి గొంతు మాత్రమే కాదు, అనువాదకుని గొంతు కూడా. పైగా, సైనికుల మనఃస్థితిని అంచనా వేయడానికి పనికివచ్చినవే ఆ నివేదికలకెక్కాయి. అధికారుల దృష్టిని ఆకర్షించని సాధారణ మమకారం గమ్యం చేరింది. చరిత్రకు మాత్రం చేరలేదు. మిగిలిన లేఖలను సైనిక హృదయానికి సమగ్ర ప్రతిబింబాలుగా భావించే విమర్శ ఈ లోటును విస్మరించరాదు.