ఓవెన్ మూత జోలికి పోవద్దు

మందమర్రిలో కరెంటు వస్తువు ఏది మొరాయించినా ముందు చేతికొచ్చేది స్క్రూడ్రైవరే. బొగ్గు బాయిల్లో పంపులు, కన్వేయర్లు నడిపించే ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు ఉన్న సింగరేణి ఊరికి ఆ ధైర్యం ఊరికే రాలేదు. మిక్సీకి, ఫ్యానుకు అది సరిపోతుంది కూడా. మైక్రోవేవ్ ఓవెన్ సంగతి వేరు. గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టులను లోపలి ట్రాన్స్‌ఫార్మర్ రెండు వేల దాకా పెంచుతుంది. కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని దాదాపు నాలుగు వేలు చేసి, వేడి చేసే తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్‌కు అందిస్తాయి. భూగర్భ గనుల్లోకి కరెంటు తీసుకెళ్లే లైన్లు మామూలుగా 3,300 వోల్టులవి. ఆ లైను మీద పనంటే ముందు షట్‌డౌన్ తీసుకోవాలి, స్విచ్చుకు తాళం వేయాలి, కరెంటు లేదని పరీక్షించాలి, మిగిలిన ఛార్జిని డిశ్చార్జ్ చేసి ఎర్త్ చేయాలి. రెంచీ పట్టుకునేది ఆ తర్వాతే. ఇంట్లో ప్లగ్గు పీకడంతోనే షట్‌డౌన్ అయిపోయిందనుకుంటాం. కానీ ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్‌లో ఛార్జి నిలిచి ఉండవచ్చు, అది ప్రాణం తీయగలదు.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మూత విప్పకుండానే జబ్బు చాలావరకు తెలుస్తుంది. ఓవెన్ అసలు వెలగకపోతే అదే ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెట్టి చూడండి. లైటు వెలిగి, ప్లేటు తిరిగి, అన్నం మాత్రం చల్లగానే ఉంటే లీటరు నీళ్ల పరీక్ష పెట్టండి. ఓవెన్‌కు పనికొచ్చే గిన్నెలో లీటరు నీళ్లు పోసి ఫుల్ పవర్‌లో రెండు నిమిషాలు తిప్పితే, 700 వాట్ల ఓవెన్ ఆ నీటి వేడిని సుమారు 20 డిగ్రీలు పెంచాలి. గిన్నె కొంత తాగుతుంది కాబట్టి రెండు మూడు డిగ్రీలు తగ్గినా పట్టించుకోవద్దు. (వెనక పట్టీ మీద 1,200 అని పెద్దగా కనిపించేది ఓవెన్ తీసుకునే కరెంటు, నీళ్లకు అందేది వేరే అంకె.) నీళ్లు ఏమాత్రం వేడెక్కకపోతే లోపం హై వోల్టేజీ భాగంలోనో, తలుపు స్విచ్చుల్లోనో ఉన్నట్టు. గోరువెచ్చగా అయితే మాగ్నెట్రాన్ నీరసించి ఉండాలి, లేదా సాయంత్రం వోల్టేజీ పడిపోయి ఉండాలి. పొద్దున మళ్లీ చూస్తే ఏదో తేలుతుంది. లోపల చిటపటలాడుతూ మెరుపులొస్తే చాలాసార్లు దోషం పక్క గోడకున్న మైకా రేకుది. నూనె చింది, మాడి, నల్లబడ్డ ఆ రేకును ప్లగ్గు తీసేసి, బయటి డబ్బా విప్పకుండానే మార్చుకోవచ్చు. ఇంటి రిపేరు అక్కడితో సరి.

"ఫ్యూజే కదా పోయింది, అదొక్కటి వేస్తే అయిపోతుంది" అనేవాళ్లున్నారు. అది ఉండేది మూత కిందే. పైగా తలుపు తీసినప్పుడు తరంగాలు బయటికి రాకుండా కాపాడే స్విచ్చుల్లో ఒకటి అతుక్కుపోతే, మరో స్విచ్చు కావాలనే షార్ట్ చేసి ఫ్యూజు పేలుస్తుంది. కారణం వెతక్కుండా ఫ్యూజు మార్చడమంటే ఆ హెచ్చరిక నోరు మూయడమే. ఇంకాస్త తెలిసినవాళ్లు మరో మాట అంటారు: చాలా కెపాసిటర్లలో ఛార్జిని కాసేపట్లో ఖాళీ చేసే రెసిస్టర్ ఉంటుంది కదా, భయమెందుకని. ఉంటుంది, నిజమే. కానీ చెడిపోయిన ఓవెన్‌లో ఆ ఒక్క ముక్క మాత్రం బాగుందని నమ్మి చెయ్యి పెట్టడం ఏం లెక్క?

బజార్లోని మెకానిక్ మాత్రం ఎక్కడ శిక్షణ పొందాడన్న ప్రశ్న వీటన్నిటికంటే గట్టిది. గనిలోకి దిగే కార్మికుడికి 1966 నాటి నియమాల ప్రకారం వృత్తి శిక్షణ తప్పనిసరి. ఓవెన్ విప్పేవాడికి అలాంటి పట్టింపేదీ లేదు. అందుకే ఓవెన్ అప్పగించే ముందు నీళ్ల పరీక్షలో ఏం తేలిందో అతనికి చెప్పి, మూత తీయగానే మొదట ఏం చేస్తావని అడగండి. కెపాసిటర్ డిశ్చార్జ్ చేస్తానన్న మాట రాకపోతే ఓవెన్ ఇంకో షాపుకు తీసుకెళ్లండి.