‘పృష్ఠవంశం’: ఒక పారిభాషిక పదంలోని అర్థవైరుధ్యం

తెలుగు జంతుశాస్త్ర గ్రంథాలలో నోటోకార్డ్‌కు ‘పృష్ఠవంశం’ అనే పదం స్థిరపడింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రచురణల ద్వారా కళాశాల స్థాయిలో వ్యాప్తి పొందిన శాస్త్ర పరిభాషలో ఇదీ ఒకటి. అయితే ఈ పదం తాను సూచించవలసిన నిర్మాణాన్ని కాక, దాని స్థానాన్ని ఆక్రమించే మరొక నిర్మాణాన్ని సూచిస్తున్నది.

గ్రీకు మూలంలో ‘నోటోన్’ అంటే వీపు, ‘ఖోర్డే’ అంటే పేగు, పేగుతో చేసిన తంత్రి. అతుకులు లేని ఏకాండ నిర్మాణమనే భావం ఆ పదంలోనే ఉంది. సంస్కృతంలో ‘వంశ’ శబ్దానికి వెదురు అని అర్థం. వెదురు కణుపులు వెన్నుపూసల వరుసను తలపిస్తాయి. ‘పృష్ఠవంశ’ శబ్దానికి సంస్కృత నిఘంటువులు ఇచ్చే అర్థమూ వెన్నెముకే. నోటోకార్డ్‌కు కణుపులు లేవు. ద్రవంతో నిండిన రిక్తికలు గల కణాలు, వాటిని చుట్టిన తంతుయుత తొడుగు కలిసి దానికి బిగువును ఇస్తాయి. అధిక సకశేరుకాలలో పిండదశ తరువాత వెన్నెముక దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. మానవునిలో వెన్నుపూసల మధ్య చక్రికల మెత్తని కేంద్రభాగం దాని అవశేషమే.

ఈ వైరుధ్యం ఆంఫియాక్సస్ విషయంలో స్పష్టమవుతుంది. ఈ జీవికి నోటోకార్డ్ జీవితాంతం ఉంటుంది, వెన్నెముక ఉండదు. పదార్థాన్ని అనుసరించి చదివితే ఇది ‘వెన్నెముక గల అకశేరుకం’ అవుతుంది. వర్గీకరణలోని కీలక భేదాన్నే పదం చెరిపివేస్తున్నది.

మరొక నష్టమూ ఉంది. వర్గనామం ‘కార్డేటా’గానే నిలిచి, దాని ప్రధాన లక్షణం ‘పృష్ఠవంశం’ కావడంతో రెండింటి సంబంధం విద్యార్థికి కనిపించదు. హిందీలోని ‘పృష్ఠరజ్జు’, ‘రజ్జుకీ’ పదాలు ఆ సంబంధాన్ని నిలుపుకొన్నాయి.

‘పృష్ఠరజ్జువు’ కూడా నిర్దోషం కాదు. రజ్జువు అనగానే స్ఫురించే సడలింపు నోటోకార్డ్‌కు లేదు. అయినా అది వెన్నెముకతో భ్రాంతి కలిగించదు. ‘వెన్నుపాము’ వంటి దేశ్యపదం నాడీ నిర్మాణపు ఆకృతిని ఎంతో సహజంగా పట్టుకున్నది. అటువంటి పదం లభించే వరకు ‘పృష్ఠరజ్జువు’ను గాని, ‘నోటోకార్డ్’ను గాని వాడటం ‘పృష్ఠవంశం’ కన్నా శాస్త్రీయం. స్థిరపడిన వాడుకను మార్చడం కష్టమనే వాదన సమంజసమే. కాని పరిభాషకు ప్రాచీనత కన్నా అసందిగ్ధత ముఖ్యం.