చక్రాల కుర్చీకి ముందటి కథ

ముగింపు తెలిసిన కథను మరల కూర్చుండి వినుట మనవారికి క్రొత్త గాదు. రాముడు అడవికి పోవునని తెలియని శ్రోత ఏ పురాణకాలక్షేపమునందును ఉండడు. ఐనను కైక వరములు కోరు ఘట్టము వచ్చుసరికి, ఈ మారైనను దశరథుడు మాట తప్పరాదా యని లోలోన తపింపని శ్రోతయు ఉండడు. రావణుని పుట్టుపూర్వోత్తరములను ఆతడు చచ్చిన పిమ్మటగాని రామాయణము విప్పి చెప్పదు. చచ్చినవాని బాల్యమును చెప్పునట్టి ఈ ఏర్పాటునే నేటి హాలీవుడ్డువారు ప్రీక్వెల్ అనుచున్నారు.

2011లో మాథ్యూ వాన్ దర్శకత్వమున వెలువడిన ‘ఎక్స్-మెన్: ఫస్ట్ క్లాస్’ అట్టి చిత్రము. నేను ఈ శాఖలో పండితుడను గాను. స్టాన్ లీ, జాక్ కర్బీలు 1963లో ఆరంభించిన ఆ బొమ్మల కథలను ఒక్కటియు చదివి యెరుగను. 2000లోని తొలి చిత్రమును, దాని వెంట వచ్చినవానిని తీరిక దొరికినపుడు చూచి, పరుల మనస్సులను చదువగల ఛార్లెస్ జేవియరును, లోహమును శాసించు మాగ్నీటోను ముదుసళ్ళుగా, పరస్పర గౌరవము చావని శత్రువులుగా ఎరిగినవాడను, అంతే. ఈ చిత్రము వారి యౌవనమును, 1962 నాటి స్వల్పకాలపు మైత్రిని చెప్పును.

తొలి చిత్రము 1944లో, పోలండునందలి నాజీ నిర్బంధశిబిరమున ఆరంభమగును. తలిదండ్రులనుండి విడదీయబడిన, మున్ముందు మాగ్నీటో కానున్న యూదు బాలుడు ఎరిక్ చేతులు చాచగా ఇనుప ద్వారము మెలిదిరుగును, భటుడొకడు తుపాకి మడమతో వానిని కొట్టును, దృశ్యము ముగియును. పదునొకండేండ్ల పిమ్మట వాన్ ఆ వానను, ఆ బురదను, ఆ ద్వారమును యథాతథముగ మరల నిర్మించి, వెనుకటి చిత్రము ఆగినచోట తానాగక, మేడమీది కిటికీలోనుండి ఇదంతయు చూచుచున్న మనుష్యు నొకని చూపెను. మనము చూచితిమనుకొన్నదానిని మరియొకడును చూచుచుండెనని తెలిసినంతనే పాత చిత్రమే వేరొక రంగు దాల్చును. పూర్వకథ చెప్పువానికి ఇంతకన్న పొదుపైన ఉపాయము లేదు.

ఆ మనుష్యుడు షా. కెవిన్ బేకన్ ఆ పాత్రను చిరునవ్వు చెదరనీయక నటించెను. బాలుని ముందు బల్లపై ఒక నాణెమునుంచి కదల్పుమనును, వానికి చేతగాదు. తల్లిని రప్పించి, మూడు లెక్కించులోపల కదల్పకున్న చంపెదనని చెప్పి, మూడు లెక్కించి, చంపును. పదునెనిమిదేండ్లు ఆ నాణెమును దాచుకొన్న ఎరిక్, తుదకు జలాంతర్గామిలో షా తనకు చిక్కినపుడు, తానును మూడు లెక్కించి ఆ నాణెమును వాని నుదుటిగుండ మెల్లగా నడపును. వెలుపల నుండి షా మనస్సును కదలనీయక బిగబట్టియున్నవాడు ఛార్లెస్. విడిచెనా, షా లేచి ఎరిక్‌ను చంపును. పట్టుకొనియుండెనా, ఆ నాణెము తన నుదుటిలోననే దూరినంత బాధ. నాణెము అంగుళ మంగుళముగా సాగుచుండ ఛార్లెస్ ఆక్రందనము వినవచ్చుచుండును. ఎరిక్‌కు మాత్రము వినబడదు, ఏలయన మనోవాక్కును అడ్డగించు షా శిరస్త్రాణమును అంతకుముందే తాను ధరించెను. ముసలి మాగ్నీటో తలపై ఎప్పుడును కనబడు ఆ శిరస్త్రాణము ఎక్కడిదని నేనెన్నడును అడిగియుండలేదు. అడుగని ప్రశ్నకు ఇట్టి జవాబు వచ్చునని ఊహించియు ఉండలేదు.

కాళ్ళ సంగతి యింకను సున్నితమైనది. మన మెరిగిన ఛార్లెస్ బట్టతలవాడు, చక్రాల కుర్చీవాడు. జేమ్స్ మెక్‌అవాయ్ ఛార్లెస్ నడచును, పరుగెత్తును, జుట్టు జోలికి రావలదని ఛలోక్తి విసరును. ఆ పరుగునకు కథలో ప్రాధాన్య మేమియు లేదు. ఐనను కుర్చీని ఎరిగిన ప్రేక్షకుని దృష్టి ఆ కాళ్ళను విడువదు. ఆ అపాయము ఎవరిచేత, ఎప్పుడు వచ్చునో యని ప్రతి దృశ్యమునందును ఎదురుచూచు శిక్షను దర్శకుడు మనకే విధించెను.

కథను 1962 అక్టోబరునాటి క్యూబా క్షిపణి సంక్షోభమునకు ముడివేయుట అలంకారమాత్రము గాదు. తుర్కీలోని అమెరికా క్షిపణులు, క్యూబాకు సాగు సోవియట్ ఓడ, టెలివిజన్‌లో కెనడీ ప్రసంగము అన్నియు ఇందు కలవు. ఆనాడు ప్రపంచము భస్మము కాలేదని మనమెరుగుదుము. ఈ మిత్రులు మిత్రులుగా మిగులలేదనియు ఎరుగుదుము. ఒకే సముద్రతీరమున తప్పక మేలుగా ముగియవలసిన కథయొకటి, తప్పక కీడుగా ముగియవలసినదొకటి కలిసి నడచుచుండుటచే, మొదటిదానివలన కలిగిన ఊరటను రెండవది క్షణమైనను నిలువనీయదు. మన ‘బాహుబలి’ 2015లో కట్టప్ప పొడిచిన పోటుతో ముగిసి, ఆ కారణమును 2017లో వెనుకకు పోయి చెప్పెనుగదా. అక్కడ ప్రేక్షకుని లాగినది ‘ఎందుకు’ అను ప్రశ్న. ఇక్కడ ప్రశ్నయే లేదు, భయమే కలదు.

లోపములు లేవని కాదు. ఛార్లెస్, ఎరిక్‌లు చేరదీసిన అతీతశక్తుల యువకులలో పెక్కురు పేరునకే పాత్రలు; ఎట్టి ప్రమాదమునకైనను దేహమును అనుగుణముగ మార్చుకొనగల డార్విన్ అను నల్లజాతి యువకుడే అందరికన్న ముందు చచ్చుట నాకు రుచింపలేదు.

సెలవులకు వచ్చిన నా మేనల్లుడు ప్రక్కన కూర్చుండి వేరొక లెక్క వేయుచుండెను. “మామయ్యా, మొదటి సినిమాలో ఎరిక్‌ని పదిహేడేళ్ళప్పుడే కలిశానని ఛార్లెస్ చెప్పాడు, ఇక్కడేమో పెద్దయ్యాక కలిశాడు,” అని ఒక వ్రేలు ముడిచెను. 2006 నాటి చిత్రమున చాల ఏండ్ల తరువాత గూడ ఇరువురును కలిసి నడచివచ్చిరిగదా యని రెండవ వ్రేలు ముడిచెను. వాని మాట నిజమే. మూడవది చెప్పబోవుచుండగా తెరపై తీరము వచ్చెను. ఓడలు విడిచిన క్షిపణులను ఎరిక్ ఆకాశముననే ఆపి వెనుకకు త్రిప్పెను. ఛార్లెస్ పక్షముననున్న సి.ఐ.ఏ. ఉద్యోగిని మోయిరా తుపాకి ప్రేల్చెను. ఎరిక్ చేయి విసరగా ప్రక్కకు తప్పిన గుండొకటి ఛార్లెస్ వెన్నులో దిగెను. ఎరిక్ పరుగెత్తివచ్చి వానిని ఒడిలోనికి తీసికొనెను. తన కాళ్ళు తనకు తెలియుటలేదని ఛార్లెస్ చెప్పునప్పటికి, మా వాడు ముడిచిన వ్రేళ్ళు విప్పుటయు మరచి తెరవంకనే చూచుచుండెను.