రాయి కొట్టినవాడి ఇల్లు మన కథలో ఎక్కడ?

పల్నాటి సాహిత్యం అనగానే మన విమర్శకులకు రెండే గుర్తుకొస్తాయి. ఒకటి వీరగాథ, రెండోది రాయి. శ్రీనాథుడి పేరుమీద ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాడంటే రాళ్లూ, జొన్నకూడూ, నీటి ఎద్దడీ. వీరచరిత్రలో పల్నాడంటే కోడిపోరూ, కారంపూడి రణరంగమూ, బ్రహ్మనాయుడి చాపకూడూ. ఈ రెండు చిత్రాలనే మనం తరతరాలుగా తిరగరాసుకుంటూ వస్తున్నాం. ఆ రాయిని పగలగొట్టినవాడెవడు, పగలంతా రాయి కొట్టినవాడు రాత్రి ఏ కప్పు కింద నడుం వాల్చాడు అనే ప్రశ్న మాత్రం మన సాహిత్యం అరుదుగా వేసుకుంది. ఆ ప్రశ్న ఇప్పుడైనా వేసుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు భౌతిక పరిస్థితి చూద్దాం. మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతాల నేలకింద ఉన్నది సున్నపురాయి. పొరలు పొరలుగా లేచే నాపరాయి రాష్ట్రమంతటా ఇళ్ల నేలలకు పరుపయింది. అదే రాయి సిమెంటు కర్మాగారాలను ఇక్కడికి రప్పించింది. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు వెలిశాయి. అంటే ఇల్లు కట్టడానికి కావలసిన రాయీ, సున్నమూ, సిమెంటూ మూడూ ఈ నేలే ఇస్తున్నది. ఆ మూడింటినీ తయారుచేసే మనిషి మాత్రం రేకుల గదిలో అద్దెకుంటున్నాడు. రాష్ట్రంలోకెల్లా తీవ్రమైన ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఈ చుట్టుపక్కలదే. ఆ ఎండలో రేకు కింద పగలు పడుకోవలసిన రాత్రి షిఫ్టు కార్మికుడి నిద్ర ఎలా ఉంటుందో ఊహించడానికి పెద్ద కల్పనాశక్తి అక్కరలేదు. శ్రమ ఫలితం శ్రామికుడికి పరాయిదైపోతుందన్న సిద్ధాంతానికి ఇంతకంటే కళ్లకు కట్టే ఉదాహరణ మరొకటి ఉంటుందా?

మన పూర్వ రచయితలు ఈ వైపు చూడనేలేదంటే అన్యాయమవుతుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ పల్నాటి పుల్లరి ఉద్యమ కాలపు మనిషి. అడవిలో పశువులు మేపుకున్నందుకు పన్నేమిటని నిలబడ్డ కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఆ రోజుల్లోనే ఉన్నవ జైలులో కూర్చుని ‘మాలపల్లి’ రాశాడు. ఆ నవల పేరే ఒక నివాసస్థలం పేరు కావడం యాదృచ్ఛికం కాదు. మనిషి ఏ పల్లెలో, ఏ వాడలో, ఎవరి పొలం గట్టున ఉంటాడన్నది అతని బతుకును ఎలా నిర్ణయిస్తుందో ఆ నవల చెప్పింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించిందంటే ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తూనే ఉంది. వినుకొండలో 1895లో పుట్టిన జాషువ 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు, అస్పృశ్యుడి గోడు కాశీ విశ్వనాథుడికి మోయడానికి గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. మనిషికి ప్రవేశం లేని గుడిలో గబ్బిలానికి నివాసముంది. ఇదొక్కటి చాలు, నివాసమన్నది నాలుగు గోడల వ్యవహారం కాదని చెప్పడానికి.

ఇవి పల్లె సంగతులు. మరి పట్నం? పాత గుంటూరు జిల్లాలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉన్నది. శారద అనే పేరుతో రాసిన ఎస్. నటరాజన్ మాతృభాష తమిళం. తెనాలి హోటళ్లలో పనిచేస్తూ తెలుగు నేర్చుకున్నాడు. ‘అపస్వరాలు’, ‘మంచీ-చెడూ’, ‘ఏది సత్యం’ వంటి నవలలు రాశాడు. 1955లో చిన్న వయసులోనే పేదరికంలో చనిపోయాడు. 1943లో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది కూడా ఆ తెనాలిలోనే. చిన్న పట్టణాన్ని శారద చూసింది మేడ మీదనుంచి కాదు, ఎంగిలి బల్ల పక్కనుంచి. అందుకే ఆయన రచనల్లో పట్టణం దృశ్యం కాదు, ఒక సంబంధాల వల. డబ్బు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి ఎందుకు పోతున్నదో ఆ వలలో కనబడుతుంది.

శారద చూపించిన ఆ దారిలో నరసరావుపేటకో, మాచర్లకో వచ్చిన కథలు ఎన్ని? చాలా తక్కువ. దీనికి కారణం మన దృక్పథంలోనే ఉన్నదని నా అభిప్రాయం. మన కథకులు ఊరినీ, భూమినీ బాగా రాశారు. మహానగరపు మురికివాడనూ రాశారు. ఈ రెంటికీ మధ్యనున్న చిన్న పట్టణపు శ్రామికుణ్ణి మాత్రం ఏ గాటన కట్టాలో తెలియక వదిలేశారు. అతడు మిరపకోతల రోజుల్లో కూలి, పత్తి రోజుల్లో జిన్నింగు మిల్లు మనిషి, మిగతా రోజుల్లో తాపీ మేస్త్రీ దగ్గర అందింపు కూలి. అతని భార్య ఉదయం నాలుగిళ్లలో పాచిపని చేసి, మధ్యాహ్నం మిరపకాయల ముచ్చికలు తీయడానికి పోతుంది. రాత్రి ఆ ఒక్క గదిలోనే పిండి రుబ్బితే తెల్లారేసరికి టిఫిన్ బండి కదులుతుంది. గది ఇల్లూ అదే, కార్ఖానా అదే. అంటే అద్దె కట్టేది తలదాచుకోవడానికి మాత్రమే కాదు, పనిచేయడానికి కూడా. ఈ సంగతి గుర్తించని కథకుడు వీళ్ల జీవితంలో సగమే చూస్తాడు.

ఇటీవల యువ రచయితల కథలు చాలా చదివాను. ఈ వస్తువును తీసుకున్నవారి నిబద్ధతను నేను శంకించను. కాని మూడు లోపాలు తరచుగా కనిపిస్తున్నాయి.

మొదటిది, ఇంటిని జాలి బొమ్మగా మార్చడం. కారే కప్పు, ఆరిన పొయ్యి, దగ్గే ముసలమ్మ. ఈ సరుకు ఏ ఊరికైనా సరిపోతుంది, అందుకే ఏ ఊరిదీ కాదు.

రెండోది, కార్మికుడికి పేదరికం ఉంటుంది గాని పని ఉండదు. బట్టీ కార్మికుడని రాస్తారు, బట్టీని చూపరు. రాయీ బొగ్గూ వరసలుగా ఎలా పేరుస్తారో, కాలిన సున్నం కిందనుంచి ఎలా లాగుతారో కథలో ఉండదు. కాలిన సున్నానికి నీరు తగిలితే ఉడుకెత్తుతుంది. ఆ ధూళి ఒంటిమీద పడి చెమటతో కలిస్తే చర్మాన్ని తింటుంది. కష్టపడి చెమటోడ్చిన కొద్దీ కాలే ఒళ్లు! ఇది ఏ కవి కల్పించిన ఉపమానమూ కాదు, అక్కడి నిత్యజీవితం. వాస్తవం ఇంత పదునుగా ఉండగా కథకుడు విశేషణాల కోసం వెతుక్కోవడం ఎందుకు?

మూడోది, ఇంటి పట్టాతో కథ ముగించడం. ఇది కాస్త విపులంగా చర్చించవలసిన విషయం. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పెద్దఎత్తున ఇళ్ల స్థలాలు పంచింది. పట్టణాల్లో కుటుంబానికి 1 సెంటు, అంటే 48 గజాల చిల్లర. పట్టా ఆడవారి పేరుమీద ఇచ్చారు. తరతరాలుగా ఒకరి వాకిట్లో ఉన్న మనిషికి తన పేరుమీద కాగితం రావడం చిన్న సంగతి కాదు, దాన్ని ఎగతాళి చేసే విమర్శ ప్రజల విమర్శ కాదు. కాని కథ అక్కడ ఆగదు, అక్కడే మొదలవుతుంది. పట్నంలో పాచిపని చేసే మనిషికి ఊరి చివర ఇల్లు వస్తే, రోజూ రానుపోను ఆటో చార్జీ కూలిలోంచే పోతుంది. తెల్లారకముందే కదలాలి, పిల్లల్ని ఎవరికి అప్పగించాలి? ఇళ్ల సమస్యను పెట్టుబడిదారీ వ్యవస్థ పరిష్కరించదు, ఒకచోటినుంచి మరోచోటికి జరుపుతుందని 1872లోనే ఎంగెల్స్ చెప్పాడు. ఆ మాటను సిద్ధాంతంగా వల్లించడం సులువు. ఒక తల్లి ఆటో చార్జీ లెక్కలో దాన్ని చూపించగలిగినవాడే కథకుడు.

కులం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాపకూడును మనం సమానత్వానికి గుర్తుగా సభల్లో చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కాని అదే నేలమీద అద్దె ఇంటి కోసం తలుపు తడితే జీతం ఎంతో అడగకముందే ‘మీరేమిట్లు?’ అనే మాట వినబడుతుంది. ఒక చాపమీద కూర్చుని తినడాన్ని పాడుకున్న సాహిత్యం, ఒక కప్పు కింద ఉండనివ్వకపోవడాన్ని ఎందుకు పాడలేదు? వర్గం పేరుతో కులాన్ని దాటవేసే కథా, కులం పేరుతో కూలి రేటును దాటవేసే కథా రెండూ అర్ధసత్యాలే. అద్దె గది గడప దగ్గర ఈ రెండూ ఒకేసారి ఎదురవుతాయి.

‘ఇదంతా సర్వే లెక్కలు, సాహిత్యం కాదు’ అని కొందరంటారు. ఇంగ్లండు కార్మికుల స్థితిపై 1845లో వెలువడిన ఎంగెల్స్ పుస్తకాన్ని సాహిత్య విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారంటే, అందులో వీధులున్నాయి, గదులున్నాయి, మనుషులున్నారు గనక. వివరం శిల్పానికి శత్రువు కాదు. వస్తువు తెలియనప్పుడే శిల్పం అలంకారమవుతుంది.

నాగార్జునసాగర్‌కు 1955లో పునాది పడింది, 1967లో కాలువలకు నీళ్లు వచ్చాయి. రాళ్లు మోసి ఆ ఆనకట్ట కట్టిన వేలాది కూలీల గుడిసెల గురించి మనకెంత సాహిత్యం ఉన్నదో లెక్క చూసుకుంటే సిగ్గుపడవలసి వస్తుంది. ఆ గుడిసెలు పోయాయి, వాటిలో బతికిన తరం కూడా చాలావరకు వెళ్లిపోయింది. 2022లో పల్నాడు జిల్లా అయింది, నరసరావుపేట దాని కేంద్రమైంది. ఊరు పెరుగుతున్నది, స్థలాల ధరలు పెరుగుతున్నాయి, అద్దెలూ పెరుగుతున్నాయి. ఈ మార్పును మోస్తున్న మనుషులు ఇప్పుడు మన ఎదురుగానే ఉన్నారు. వాళ్ల పని నేర్చుకుని, వాళ్ల అద్దె తెలుసుకుని, వాళ్ల మాటలో రాయగల రచయితలు ఈ పట్టణాలనుంచే రావాలి. అలాంటి కథ వస్తే దాని శిల్పదోషాల గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ముందు కథ రావాలి.