కోయంబత్తూరు, మధుర తెలుగిండ్లలో పాటల రికార్డులు

దక్షిణాంధ్ర వాఙ్మయ మనగానే పరిశోధకుల దృష్టి తంజావూరి సరస్వతీ మహలులోని తాళపత్రములపైకిని, మధుర నాయకుల కొలువున వెలసిన వచన కావ్యములపైకిని పోవుట పరిపాటి. సముఖము వేంకటకృష్ణప్ప నాయకుని జైమినిభారత వచనమునకు సాహిత్య చరిత్రలలో స్థానము కలదు. రాజులు పోయిరి, కొలువులు పోయినవి. దక్షిణమునకు తరలివచ్చిన కుటుంబముల సంతతివారు మాత్రము కోయంబత్తూరి పీళమేడు, సింగానల్లూరు పరిసరములందును, మధుర నగరమునను, దాని చుట్టునున్న పల్లెలందును నేటికిని ఇంట తెలుగు పలుకుచునే యున్నారు. 20వ శతాబ్దిలో వీరు తమ ఇండ్లలో దాచుకొనిన తెలుగు ఏది? పలువురికి తెలుగు లిపి రాదు గనుక అది పుస్తకము కాజాలదు. అటకమీది ట్రంకు పెట్టెలలో, అంచులు చిరిగిన కాగితపు కవర్లలో నున్న గ్రామఫోను రికార్డే అది.

రికార్డులను సేకరించుట లోకమంతట నున్న అభిరుచియే. 1949లో అమెరికాలో ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీ నిమిషమునకు 45 చుట్లు తిరుగు 7 అంగుళముల వినైలు రికార్డును వెలువరించినది మొదలు, ఒక్కొక్క వైపు ఒక్కొక్క పాట గల ఆ చిన్న రికార్డులను వేలకొలది కూర్చుకొనువారు పాశ్చాత్య దేశములందు బయలుదేరిరి. మనదేశమున లక్కతో చేసిన 78 చుట్ల రికార్డు అంత త్వరగా చోటు విడువలేదు. 1960 తరువాత సైతము ఇంగ్లండులోని బీటిల్సు బృందమువారి పాటలు కలకత్తా సమీపమున డండం ఫ్యాక్టరీలో లక్క రికార్డులుగా అచ్చయినవి. ఇతర దేశముల సేకర్తలు నేడు వానికై ఎగబడుచున్నారు. లక్కయింటి కథ విని పెరిగిన తెలుగువారికి లక్క యెట్టి వస్తువో వేరుగ చెప్పనక్కరలేదు. ఈ రికార్డులకు నిప్పుతోను పనిలేదు; చేయి జారిన చాలును.

ఈ సేకర్తల కొలమానము అందరును ఎరిగినదే. రికార్డు అరుదైనదా? గీతలు లేక నిగనిగలాడుచున్నదా? కవరు చిరుగక యున్నదా? ఇంతే. ఈ కొలమానమునే కోయంబత్తూరు, మధుర ఇండ్లకు తెచ్చి నిలిపినచో ఫలితము తలక్రిందులగును. ఉక్కు ముల్లు గాడిలో నడచునపుడెల్ల గాడి కొంత అరుగును. ఆ కారణముననే వైపు మార్చినపుడెల్ల ముల్లును మార్చవలసియుండెను. మార్చని ఇల్లు సగము. ముల్లు డబ్బా ఖరీదైనది. కావున ఏ ఇంట ఏ పాటను మిక్కిలి ప్రేమించిరో ఆ రికార్డే మిక్కిలి అరిగినది. ఎవరికిని అక్కరలేక పడియున్న రికార్డు కొత్తదివలె మెరయుచుండును. సేకర్త రెండవదానికి వెల యెక్కువ కట్టి మొదటిదానిని త్రోసివేయును. ఇట్టి సేకరణలో మిగులునది, ఆ ఇంటివారు విననిది.

ఆ రికార్డులలో నేమున్నదో చూడవలసియున్నది. గ్రామఫోను కంపెనీవారు మనదేశమున మొదటి రికార్డులు తీసినది 1902లో కలకత్తాలో. దక్షిణాదిన ఈ వ్యాపారమును పెంచినవారిలో కారైక్కుడి ఏ.వి. మెయ్యప్పన్ ముఖ్యుడు, చిత్ర నిర్మాతగా పేరు పొందుటకు ముందాయన మద్రాసులో సరస్వతీ స్టోర్సు పేర ఓడియన్ రికార్డులను వెలువరించెను. 10 అంగుళముల రికార్డు ఒక వైపు సుమారు 3 నిమిషములు పాడును. త్యాగరాజ కృతియైనను ఆ 3 నిమిషములలో నొదుగవలసినదే. రాగమును కుదించిరి, సంగతులను తగ్గించిరి, పండితులు నొచ్చుకొనిరి. కాని సభలకు పోలేని మిల్లు కార్మికుని ఇంట కృతి వినబడుటకు ఆ కుదింపే త్రోవ చేసెను. కీ యిచ్చిన తిరుగు యంత్రము గనుక ఇంట కరెంటు సైతము అవసరము లేకపోయెను. 1930 తరువాత పైకారా విద్యుత్తు వచ్చి కోయంబత్తూరున నూలు మిల్లులు పెరిగినపుడు, కరెంటు మొదట మిల్లునకు చేరెను. కార్మికుల ఇండ్లకు చాల కాలమునకు గాని చేరలేదు.

కృతులకంటె ఇండ్లలో ఎక్కువగ నిలిచినవి లలిత గీతములును, సినిమా పాటలును. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడిన లలిత గీతములు, కరుణశ్రీ పుష్పవిలాపమునకు ఘంటసాల గానము, ఇవి తెలుగుదేశమున ఎట్లో ఇచ్చటను అట్లే. ఒక్క రికార్డును గూర్చి మాత్రము ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. శంకరంబాడి సుందరాచార్యులు తెలుగుతల్లికి మల్లెపూదండ వేయుచు రచించిన గీతము దీనబంధు (1942) చిత్రమునకై వ్రాయబడియు అందు చేరలేదు. టంగుటూరి సూర్యకుమారి రికార్డులో పాడినందున అది ఇంటింటికి చేరెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానిని రాష్ట్రగీతముగ గ్రహించినది 1975లో. 1956 నవంబరు 1న తెలుగు జిల్లాలు ఒక రాష్ట్రమైనపుడు కోయంబత్తూరు, మధుర మద్రాసు రాష్ట్రముననే నిలిచినవి. హద్దుకు ఆవలివారికది ప్రభుత్వోత్సవముల గీతమైనది. ఈవలివారికి ప్రభుత్వముతో పనిలేక, కాగితపు కవరునుండి తీసి వేసికొనిన పాటగనే యుండిపోయినది. ఒకే పాటకు రెండు బ్రతుకులు.

సినిమా రికార్డుల విషయమున కోయంబత్తూరిది విశేష స్థానము. ఆ నగరమున ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు నడపిన పక్షిరాజా స్టూడియోలో 1954లో తమిళ మలైక్కళ్లన్ వెలువడెను. అదే కథతో ఆ యేడే అదే స్టూడియో తెలుగు అగ్గిరాముడును వెలువరించెను. మొదటిదానియందు ఎం.జి. రామచంద్రన్, రెండవదానియందు ఎన్.టి. రామారావు, రెంటను నాయిక భానుమతియే, రెంటికిని సంగీత దర్శకుడు ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడే. తెలుగు రచన ఆత్రేయది. అల్లూరి సీతారామరాజుపై నాజరు చెప్పిన బుర్రకథ ఆ చిత్రమునకు అలంకారమైనది. గుంటూరు సీమ బుర్రకథ కోయంబత్తూరి స్టూడియో మార్గమున లోకమునకు పోవుట విచిత్రమే. తన వీథికి కోసెడు దూరమున తయారైన తెలుగు చిత్రపు రికార్డును పీళమేడు వాసి మద్రాసునుండియో బెజవాడనుండియో తెప్పించుకొనవలసి వచ్చినచో, అందు ఆశ్చర్యపడవలసినది లేదు. స్థానికపు అంగడిలో అమ్ముడుపోవునది తమిళ రికార్డు. కవరుపై అమ్మిన అంగడి ముద్ర యుండును గదా! ఏ తెలుగు రికార్డు ఏ ఊరినుండి ఎవరి మూటలో వచ్చెనో ఆ ముద్రయే తెలుపును. సేకర్తలు కవరు మాసినదని మార్చివేయుచున్నారు. ఇది తాళపత్ర గ్రంథమునకు గద్యను కోసివేయుట వంటిది.

రికార్డు నడుమ అంటించిన లేబులుపై భాష పేరు అచ్చై యుండును. దానిని నమ్మి వర్గీకరించుట సులభము గాని సరికాదు. 1916లో మధురలో పుట్టిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి మాతృభాష తమిళము. తిరుమల తిరుపతి దేవస్థానము పూనికతో 1980 ప్రాంతమున వెలువడిన బాలాజీ పంచరత్నమాల ఎల్.పి. రికార్డులలో ఆమె అన్నమాచార్యుని తెలుగును పాడెను. అదే మధురలో పుట్టిన టి.ఎం. సౌందరరాజన్ మాతృభాష సౌరాష్ట్రము. ఆయన తమిళ చిత్రసీమకు గొంతుకయైనాడు. విజయనగరపు పి. సుశీల తమిళ పాటలకు లెక్కలేదు. మాయాబజార్ (1957) వంటి చిత్రములను రెండు భాషలందును తీసిరి, ఘంటసాల, పి. లీల ఒకే బాణీని రెండు భాషలందును పాడిరి. కావున మధుర తెలుగిండ్లలో తమిళ రికార్డు పెక్కు చోట్ల తెలుగు గొంతుకను వినుటకై కొనబడినది. అది పరభాషా వస్తువని ప్రక్కకు నెట్టి తెలుగు లేబులు గలవానినే లెక్కించిన యెడల ఆ ఇంటి చరిత్రలో సగము పోవును.

ఇక వ్రాతను గూర్చి. ఈ ఇండ్లలో రికార్డులతోపాటు పాటల నోటు పుస్తకములు దొరకును. వానియందు తెలుగు పాటను తమిళ లిపిలో వ్రాసికొనిరి. తమిళమున క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరము. త, ద లకును, ప, బ లకును అంతే. సంగీత విద్వాంసుల అచ్చు పుస్తకములలో అక్షరము ప్రక్కన 2, 3, 4 అను అంకెలు వేసి ఈ చిక్కును తప్పించుకొందురు. ఇంటి ఇల్లాలి నోటు పుస్తకమున అంకెలు ఉండవు. అందు గాలియు కాలియు ఒకటే. బండియు పండియు ఒకటే. బాధ, పాద రెండును ఒకటే. వ్రాసిన ఆమెకు సందేహము లేదు. రికార్డు ఆమె చెవిలో నున్నది. మనుమరాలికి రికార్డు లేదు, పుస్తకము మాత్రమే యున్నది. ప్రియుని పాదములను తలచినదో, ప్రియునివలని బాధను తలచినదో ఆ బాలికకు తెలియదు. ఈ పుస్తకములకు రికార్డే వ్యాఖ్యానము. రెంటిని వేరుచేసి, రికార్డును సేకర్తకును, పుస్తకమును పాత కాగితముల అంగడికిని ఇచ్చుట జరుగుచున్నది.

2006 నాటి చట్టము మేరకు తమిళనాడు బడులలో ఒకటవ తరగతి మొదలు పదవ తరగతివరకు తమిళము క్రమముగ నిర్బంధ పాఠ్యవిషయమైనది. అల్పసంఖ్యాక భాషల బడులలో మాతృభాషకు మిగిలిన గంటలు కొద్ది. ఆ కొద్ది గంటలలో పిల్లవానికి ఒత్తులను, గ, బ, ద లను చెవికి పట్టించుటకు, తన అవ్వ వినిన పాటకంటె ఉచితమైన పాఠము దొరకుట కష్టము. రికార్డును వినోద వస్తువని మాత్రమే తలచువారు ఈ ప్రయోజనమును గమనింపరైరి.

అట్లని రికార్డునే తెలుగునకు ప్రమాణముగ నిలుపుట మరియొక పొరపాటు. సినిమా కవులు తమ పాటలను తెలుగు జిల్లాలలోని శ్రోతలకై వ్రాసిరి. వారి భాష ఎక్కువగ కోస్తా వ్యవహారమునకు దగ్గర. కోయంబత్తూరు, మధుర ఇండ్లలోని తెలుగు వేరు. తండ్రిని నైనా యని పిలుచుట, తమిళ ధాతువునకు తెలుగు ప్రత్యయమును తగిలించుట, తెలుగుదేశమున మరుగుపడిన పాత మాటను నిలుపుకొనుట, ఇవి దాని లక్షణములు. ఆ నైనా మద్రాసు తమిళమునకు సైతము ఎక్కినది గాని సినిమా పాటకు ఎక్కలేదు. రికార్డును వినివిని, అదియే మంచి తెలుగు, తమది చెడిన తెలుగు అని సిగ్గుపడినవారు ఈ ఊళ్లలో తక్కువగ లేరు. తెలుగును నిలిపిన రికార్డే ఇంటి తెలుగును కొంత నోరు నొక్కినదని చెప్పుటకు వెనుదీయరాదు. కి. రాజనారాయణన్ వలెనే ఇంట తెలుగు పలికినవాడును గోపల్ల గ్రామము (1976) నవలలో తన పూర్వుల వలస కథను తమిళముననే చెప్పెను. ఇంటి పలుకు అటు పుస్తకమునకును ఎక్కలేదు, ఇటు రికార్డునకును ఎక్కలేదు.

యంత్రమునకు ఆ శక్తి లేక కాదు. గ్రియర్సన్ భాషా సర్వే కాలముననే, 1913 మొదలు 1929 వరకు, ప్రభుత్వమువారు దేశభాషలను, మాండలికములను గ్రామఫోను రికార్డులకెక్కించిరి. బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథను ఆయా భాషలవారిచే చెప్పించిరి. తప్పిపోయినవాని కథనే ఎన్నుకొనుట యాదృచ్ఛికమే యైనను, వలస వచ్చినవారి చెవికి అది వేరుగ వినబడును. వ్యాపార కంపెనీలకు మాత్రము పాట కావలెను, పలుకు అక్కరలేదు.

కావున ఈ ఇండ్లలో సేకరింపదగినది రికార్డు ఒక్కటియే కాదు. అది ఎవరి పెండ్లికి కొన్నది, ఏ దీపావళి బోనసుతో వచ్చినది, ఏ వైపు ముందు వేసెడివారు, ఎవరు పోయిన తరువాత వేయుట మానిరి, ఈ మాటలను ఇంటివారి నోట విని, నేటి టెలిఫోనులోనే యైనను, వారి గొంతుకతో నిలుపవలెను. పాట పోయినచో మరియొక ప్రతి దొరకును; అగ్గిరాముడు పాటలు నేడు ఇంట కూర్చుండియే వినవచ్చును. జ్ఞాపకమునకు రెండవ ప్రతి లేదు. పైగా ఆ జ్ఞాపకము చెప్పబడునది రికార్డులోని తెలుగున కాదు, ఇంటి తెలుగున. ఒక్కొక్క రికార్డునకు ఒక్కొక్క చీటీ వ్రాయవచ్చును. పాట పేరు, పాడినవారు, లేబులు, అంగడి ముద్ర, ఏ చోట అరిగినది, ఏ చరణమున ముల్లు ఎగురును. వాని క్రింద ఇంటివారు చెప్పినది చెప్పినట్లు. ఆ ముదుసలి ‘నైనా తెచ్చిన రికార్డు’ అని పలికినచో, చీటీపై ‘నాన్నగారు’ అని దిద్దరాదు.